జగదల్‌పూర్ దాకా ఆపని జీపు

మొన్న మా అక్క కొడుకు కొత్త కారు మా ఇంటి వాకిట్లో మొండికేసి, తాళం తిప్పినా మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్నప్పుడు, చుట్టూ చేరినవాళ్ళందరూ కంగారు పడుతుంటే, నాకు మాత్రం, ఎవరితోనూ అనలేదు గానీ, లోలోపల కాస్త సంబరంగానే అనిపించింది. అక్కను నా దగ్గర నాలుగు రోజులుంచుదామని కొంటాకు తీసుకొచ్చిన మా మేనల్లుడు, వచ్చిన రోజు లైట్లు ఆర్పడం మరిచిపోయి, బ్యాటరీ దిగిపోయిందని ఎదురింటి ట్రాక్టరు బ్యాటరీ నుంచి తీగలు తగిలించాడట. ఆ హడావిడిలో ప్లస్సుకు తగలాల్సింది మైనస్సుకు తగిలింది. చిటపటమన్నది, కాలిన వాసన వచ్చింది, అంతే. అద్దం దిగదు, వెనక తలుపు తెరుచుకోదు, ముందున్న టీవీ లాంటి తెర నల్లగా చూస్తూ ఊరుకుంది.

నేను ఊరుకుంటానా? కొంటా బజారులో జీవితమంతా బండ్ల వైరింగు పనే చేసి, ఈమధ్యనే కొట్టు మూసుకున్నవాణ్ణి. మంచం కింది పెట్టెలోంచి నా పాత టెస్టు లాంపు బయటికి తీశాను. టెస్టు లాంపంటే మరేం కాదు, చిన్న బల్బుకు రెండు తీగలు అతికించి ఉంటాయి, అంతే. కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ ఆగిందో దానితో పట్టేస్తాం. దాన్ని చేతిలో చూడగానే మేనల్లుడు కారుకు అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"మామా, నీకు దండం పెడత, ముట్టకు! దీంట్ల అంత కంప్యూటరే ఉంటది. కంపెనీవాళ్ళు లారీ పంపిస్తమన్నరు."

అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న అక్క ఒక్కసారిగా పకపకా నవ్వింది. "తమ్మీ, ఆలుగడ్డ తెమ్మంటవా?" అన్నది. మేనల్లుడికి అదేమిటో అర్థం కాలేదు, తల్లికి ఉన్నట్టుండి కూర సంగతి ఎందుకు గుర్తొచ్చిందా అని వింతగా చూశాడు. అక్కా నేనూ మాత్రం ఒకరి ముఖం ఒకరం చూసుకుని కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వుకున్నాం.

ఆ ఆలుగడ్డ సంగతి చెప్పాలంటే మా మరైగూడ రోజుల్లోకి వెళ్ళాలి. నాన్న మా చిన్నప్పుడే పోతే, అమ్మ మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని మరైగూడలో ఉన్న తన తమ్ముడింటికి, అంటే మా మామయ్య ఇంటికి వచ్చేసింది. మామయ్యకు ఒక పాత డీజిలు జీపు ఉండేది. కొంటా సంతకూ, దోర్నపాల్‌కూ, అడపాదడపా సుక్మా దాకా మనుషుల్నీ కోళ్ళనూ ఇప్పపువ్వు బస్తాలనూ ఒకేలా కుక్కి తిప్పేవాడు. దాని బ్యాటరీ అయితే ఊరందరిదీ. ఊళ్ళో ఇంకా కరెంటు లేదు కాబట్టి, పెళ్ళయినా పండుగయినా మైకు సెట్టు మోగాలంటే మామయ్య జీపు బ్యాటరీ విప్పి ఇవ్వాల్సిందే. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, చెట్టు కొమ్మకు కట్టిన ఆ రేకు గొట్టం మోగుతుంటే పక్క ఊరివాళ్ళు కూడా పని మానేసి వినేవాళ్ళు. ఎన్నోసార్లు విప్పీ బిగించీ ఆ బ్యాటరీ మీది ప్లస్సు మైనస్సు గుర్తులు ఏనాడో చెరిగిపోయాయి, తీగలు బిగించే రెండు కొమ్ములూ అరిగిపోతే సీసం పోయించడంతో రెండూ ఒకేలా తయారయ్యాయి. అందుకని మామయ్య ఆముదంలో కుంకుమ కలిపి ప్లస్సు కొమ్ముకు బొట్టు పెట్టుకునేవాడు. చెరిగిపోతే మళ్ళీ పెట్టేవాడు. నేను అప్పటికి భద్రాచలంలో ఒక వైరింగు షాపులో పని నేర్చుకుని, చేతికి కాస్త పనీ నోటికి బోలెడు గర్వమూ వచ్చిన వయసులో ఉన్నాను. ఆ బొట్టును చూసినప్పుడల్లా మామయ్యను ఎగతాళి చేసేవాణ్ణి.

ఆ ఏడు దసరాకు నేను ఊరికి వచ్చాను. అదే సమయానికి అక్కకు జగదల్‌పూర్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకు సీటు వచ్చిందని కబురొచ్చింది. దసరా మర్నాడు సాయంత్రం ఆఫీసు మూసేలోగా వచ్చి చేరకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారట. మా వైపు నుంచి అంత చదివిన ఆడపిల్ల అప్పటికి మా అక్క ఒక్కతే. ఆ సీటు పోతే మళ్ళీ అమ్మతో పాటు తునికాకు కోతకు అడవికి పోవడమే, వేరే దారి లేదు. పండుగ రోజుల్లో బస్సుల్ని నమ్మడానికి లేదు కాబట్టి, మర్నాడు తెల్లారగానే జీపులో తీసుకెళ్తానని మామయ్య మాటిచ్చాడు. అక్క ఆ రెండు రోజులూ తిండి సరిగ్గా తినలేదు, నిద్ర సరిగ్గా పోలేదు, పెట్టె సర్దడం, మళ్ళీ తీసి సర్దడం.

దసరా నాడు మా ఇళ్ళల్లో ఏ పనిముట్టుకూ పని చెప్పరు. నాగలి, గొడ్డలి, కొడవలి, చేట, రోకలి అన్నీ కడిగి, అరుగు మీద ముగ్గేసి, తూర్పుముఖంగా పెట్టి, పసుపూ కుంకుమా పెట్టి మొక్కుతారు. జీపు వాకిట్లోనే పూజ అందుకుంది. అంతకు ముందురోజు మైకు సెట్టుకు వెళ్ళొచ్చిన బ్యాటరీ మాత్రం, పండుగనాడు బిగించకూడదని, అరుగు మీదే గోడవైపు తిరిగి ఉంది. మా అత్తది శుభ్రం పిచ్చి. బ్యాటరీ మాత్రం పనిముట్టు కాదా అని దాన్ని కూడా చింతపండు పెట్టి తోమింది, ఆ తోముడుకు మామయ్య పెట్టుకున్న బొట్టు కాస్తా పోయింది. పేరు రాసున్న వైపే దాని ముఖమని తలచి, అమ్మను సాయం పట్టమని, గోడవైపున్న ఆ ముఖాన్ని తూర్పుకు తిప్పి కూర్చోబెట్టింది. ఒక కొమ్ముకు బొట్టు పెట్టి రెండోదాన్ని బోడిగా వదిలేయడం ఏం బాగుంటుంది, ఎడ్ల కొమ్ములకు అట్లా చేస్తామా అని, రెండు కొమ్ములకూ నిండుగా బొట్లు పెట్టింది.

మర్నాడు పొద్దున్నే నేను వాగుకు స్నానానికి వెళ్ళాను. మామయ్య బ్యాటరీ ఎత్తి చూస్తే రెండు బొట్లు! మొదటి బొట్టు ఏ పక్కనుందని అత్తనడిగాడు. అత్త ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, కుడిపక్కన అని చెప్పింది. ఆమె చెప్పింది అబద్ధం కాదు, బ్యాటరీ గోడవైపు తిరిగి ఉన్నప్పుడు అది కుడిపక్కే. తూర్పుకు తిప్పినాక కుడి ఎడమవుతుందన్న సంగతి ఆ తొందరలో ఇద్దరికీ తట్టలేదు. నేను తడి తువ్వాలుతో ఇంటికి వచ్చేసరికి జీపు బానెట్టు కింద నుంచి నీలం పొగ వస్తోంది, మామయ్య చేతిలో ఊడబెరికిన తీగ ఉంది, అక్క తన రేకు పెట్టె మీద కూర్చుని కొత్త చీర కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

ఇక నా భద్రాచలం విద్యంతా బయటికి తీశాను. ముందుగా అసలు ప్లస్సు ఏదో తేలాలి. ఆలుగడ్డ కోసి తెమ్మన్నాను. బ్యాటరీ రెండు కొమ్ముల నుంచి రెండు రాగి తీగలు తెచ్చి కోసిన ముఖంలో గుచ్చి కాసేపు ఉంచితే, ప్లస్సు తీగ చుట్టూ పచ్చగా మారుతుంది. ఊరంతా ఆ ముక్క చుట్టూ మూగింది. పచ్చ మరక ఎడమ తీగ దగ్గర తేలగానే అత్త నెత్తి కొట్టుకుని కూలబడింది. "అయ్యో, నా చేతులు పడిపోను! దాన్ని నేనే కదనే తూర్పుకు తిప్పిన! నీ నోటికాడి కూడు నేనే గుంజిన బిడ్డా!"

నేను తీగలు సరిగ్గా మార్చి బిగించి, టెస్టు లాంపు పట్టుకుని ఒక్కొక్కటీ వెతికాను. ఫ్యూజు పోయింది, దానికి సన్నతీగ కట్టాను. అయినా హారన్ లేదు. మీటరు ముల్లు అడ్డం తిరిగి అక్కడే ఇరుక్కుంది. బ్యాటరీకి కరెంటు నింపే ఆల్టర్నేటరు నుంచి వచ్చే తీగ పైతొడుగంతా కరిగి బిగుసుకుపోయింది. లోపలి డయోడ్లు కాలాయని వాసనే చెప్పింది, అవి భద్రాచలంలో తప్ప దొరకవు. మైకు సెట్టుకు సగం, ఈ మంటకు సగం పోయిన బ్యాటరీతో స్టార్టరు టిక్కుమని ఊరుకుంది. నాకు తెలిసినవన్నీ అయిపోయాయి. ఎండ చింతచెట్టు పైకి వచ్చేసింది. ఇంక కాదు మామయ్యా అని చెప్పి, అక్క వైపు చూడలేక నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

మామయ్య మాత్రం బానెట్టు దభీమని మూశాడు. "కరెంటు లేకుంటే ఏందిరా? ఇది డీజిలు ఇంజను. ఒక్కపారి తిరిగిందంటే మళ్ళ నేను బంద్ చేసేదాక తిరుగుతనే ఉంటది. తొయ్యుండ్రి!"

అది నాకు తెలియనిది కాదు. పాత డీజిలు ఇంజనుకు నిప్పురవ్వతో పనిలేదు, ఆపడానికి కూడా ఒక తీగ గుంజితే చాలు. కానీ అంత దూరం, మధ్యలో ఎక్కడా ఆపకుండా, హారన్ లేకుండా, ఘాటీ కొండదారి మలుపుల్లో పోవాలన్న ఊహే నాకు రాలేదు. ఊరు ఊరంతా వచ్చి వెనక చేతులు వేసింది. నిన్నటి పండుగకు వచ్చిన చుట్టాలు, మైకు సెట్టువాడు, ఇరుగుపొరుగు దోర్ల గిరిజనులు, అందరికంటే ముందు ఏడుస్తూనే అత్త. అక్క కూడా పెట్టె జీపులో పడేసి, చీర కుచ్చిళ్ళు దోపుకుని బురదలో దిగి తోసింది. జీపు దగ్గింది, ఉలిక్కిపడింది, ఒక్కసారిగా నల్లటి పొగ మా అందరి ముఖాల మీదికి వదిలి అందుకుంది. మామయ్య ఆపడుగా, ఆపితే ఆరిపోతుందేమోనని భయం! అక్క పరిగెత్తి ఎక్కింది, నేను పరిగెత్తి ఎక్కాను, మా వెనకే పండుగలో డోలు వాయించడానికి వచ్చిన దోర్ల పెద్దాయన డోలుతో సహా పరిగెత్తి ఎక్కాడు. తోంగ్‌పాల్ దగ్గర ఉన్న కూతురింటికి వెళ్ళాలట ఆయన.

ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఎద్దులబండి అడ్డం వస్తే మామయ్య "డోలు!" అని అరిచేవాడు, పెద్దాయన వెనక నుంచి ఢమఢమా వాయించేవాడు, ఎడ్లు బెదిరి పక్కకు తప్పుకునేవి. సుక్మా దగ్గర ఫారెస్టు నాకా గార్డు కర్ర అడ్డం దించి, గాడీ బంద్ కరో అని గద్దించాడు. మామయ్య చేతులు జోడించి, బంద్ చేస్తే మళ్ళీ మీరే తొయ్యాలి సాబ్ అని తనకొచ్చిన హిందీలో మొత్తుకున్నాడు. గార్డు లోపలికి తొంగి చూశాడు. మోకాళ్ళదాకా బురద, ముఖం నిండా మసి, ఒళ్ళో రేకు పెట్టె పట్టుకున్న మా అక్కను చూసి, ఏమనుకున్నాడో, కర్ర ఎత్తేశాడు.

తోంగ్‌పాల్‌లో ఇంజను నడుస్తుండగానే వంతులవారీగా చాయ్ తాగాం, ఒకరి కాలు ఎప్పుడూ యాక్సిలరేటరు మీదే. డోలు పెద్దాయన దిగాడు, నాలుగడుగులు వేశాడు, మళ్ళీ వెనక్కి వచ్చి ఎక్కి కూర్చున్నాడు. "ఘాటీల హారన్ లేకుంట ఎట్ల పోతరు? పిల్లను చేరేసినంక నా బిడ్డ కాడికి నేను పోత తియ్యి" అన్నాడు. ఘాటీలో ప్రతి మలుపుకూ ఆ డోలు మోగుతూనే ఉంది, ఎదురొచ్చే లారీలవాళ్ళు పెళ్ళి బండి అనుకుని దారిచ్చి చేతులూపారు. పొద్దుటి నుంచి నోరు తెరవని అక్క అక్కడ మొదటిసారి నవ్వింది.

ఆఫీసు తలుపులు దగ్గరికి వేస్తుండగా చేరాం. మామయ్య గేటు ముందు జీపు నడుస్తూ ఉంచాడు, అక్క ఆ బురద చీరతోనే లోపలికి పరిగెత్తింది. సంతకం పెట్టి బయటికి వచ్చి తల ఊపిన తరువాతే మామయ్య ఆ తీగ గుంజాడు. జీపు ఒకసారి కుదిలి ఆగిపోయింది. అంత నిశ్శబ్దం నేను ఎరగను.

అక్క తరువాత సుక్మాలో, దోర్నపాల్‌లో, చివరికి ఇక్కడే కొంటాలో నర్సుగా చేసింది. మొన్న బ్యాటరీ అరువిచ్చిన ఎదురింటి ట్రాక్టరు ఆసామిని లోకంలోకి తీసుకొచ్చింది కూడా అక్క చేతులే. అత్త, జీపు బాగై ఇంటికి రాగానే, తన ఎర్ర చీర అంచు చింపి, బ్యాటరీకి కాదు, ప్లస్సు తీగకే ముడేసింది, ఇంక ఎటు తిప్పుకుంటారో తిప్పుకోండని. జీపు అమ్మేసేదాకా ఆ ముడి ఉంది. అప్పుడు నాకు మామయ్య ఉండేవాడు, ఇప్పుడు నేనే మామయ్యను, మధ్యలో బతుకంతా బాగానే గడిచింది. ఏ లోటూ లేదు.

సాయంత్రానికి జగదల్‌పూర్ నుంచి లారీ వచ్చింది. ఇనపతాడు కారుకు తగిలించి ఒక మీట నొక్కితే కారు దానంతటదే పైకి పాకడం మొదలుపెట్టింది. ఇప్పటి బండ్లు మంచివి, చల్లగా ఉంటాయి, దారి కూడా అవే చెబుతాయి. చెడిపోయినప్పుడు మాత్రం వాటికి మనతో పని లేదు, అదే నాకు కాస్త కష్టంగా ఉంటుంది. ఇట్లా అనుకుంటూ ఉండగానే అక్క అరుగు దిగి, కొంగు నడుముకు చుట్టుకుని వెళ్ళి, కారు వెనక రెండు చేతులూ ఆనించింది. లారీవాడు అవసరం లేదమ్మా, పక్కకు జరగమన్నాడు. అక్క జరగలేదు. నేను కూడా వెళ్ళి ఆమె పక్కన చేతులు వేశాను. కారు మా చేతుల కింద నుంచి మెల్లగా జారి పైకెక్కిపోయింది, వాకిట్లో మేమిద్దరం ఖాళీ చేతులు చాచుకుని మిగిలాం.

"ఒక్కల్ని కూడ పిలువకనే పొయ్యింది గదరా తమ్మీ" అన్నది అక్క.