పెనాంగ్‌లో మంచం కొలిచిన పెద్దాయన

ఆదివారం ఉదయం 10 గంటల 52 నిమిషాలకు మేము ఫోన్ చేసిన ఇల్లు తిరుపతికి దాదాపు 2,460 కిలోమీటర్ల దూరంలో, మలేషియాలోని పెనాంగ్‌లో ఉంది. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. సంభాషణ సాగింది 9 నిమిషాల 40 సెకన్లు. దయ్యాలనూ ఆత్మలనూ నేను ఏనాడూ నమ్మినవాణ్ని కాను. అందుకే అంకెలు ముందు చెబుతున్నాను. అర్థం వెతికే పని పాఠకులది.

రేణిగుంట దగ్గర ఒక కర్మాగారంలో కొలత పరికరాలు సరిగ్గా చూపుతున్నాయో లేదో పరీక్షించడం నా ఉద్యోగం. నా భార్య వనజ నగరి నేతవారి అమ్మాయి. పెళ్లయి ఇరవై ఆరేళ్లయినా మేమిద్దరం కలిసి దేశం దాటలేదు. రెండేళ్లుగా ఆమెకు కుడి మోకాలు నొప్పి. శస్త్రచికిత్స తప్పదని డాక్టరు చెప్పాడు. దానికి ముందే, తన కాళ్లమీద తాను ఒక్కసారి పెనాంగ్ వీధుల్లో నడవాలన్నది ఆమె పట్టుదల.

పెనాంగే ఎందుకంటే, వాళ్ల నాయన నేసిన లుంగీలు ఒకప్పుడు మద్రాసు వ్యాపారి చేతుల మీదుగా ఓడెక్కి అక్కడికి వెళ్లేవి. "నా గుడ్డ సముద్రం దాటింది, నేను తిరుత్తణి దాటలేదు" అని ఆయన నవ్వుతుండేవాడు.

పదకొండు నెలలపాటు ప్రతి ఆదివారం ఇడ్లీలు తినగానే బల్ల మీద కంప్యూటర్ తెరిచేవాళ్లం. నేను పట్టిక తయారుచేశాను: బస, అద్దె, మెట్ల సంఖ్య, బస్టాపుకు దూరం. వనజ పాత క్యాలెండర్ కాగితాల వెనక పెన్సిల్‌తో వీధుల బొమ్మలు గీసేది.

"ఏమయ్యా, ఊరు సూసేదానికి పోతాండామా, ఆడిట్‌కు పోతాండామా?" అని ఎగతాళి చేసేది.

"మెట్లెన్నో తెలియకుండా యాడికి పోతావు, నీ మోకాలితో?"

"నా మోకాలు కూడా రాసినావా పట్టీలో? ఎన్నో వరస?"

ఇప్పుడు తలచుకుంటే, ఆ ఆదివారాలు ప్రయాణానికి ఏమాత్రం తీసిపోవు.

పదిహేడు ఇళ్లు పరిశీలించి, ఆ రోజు 10 గంటల 40 నిమిషాలకు పట్టికలో పన్నెండో వరసలో ఉన్న ఇంటిని ఎంచుకున్నాం. పన్నెండు నిమిషాల తరువాత మొదటిసారి అక్కడికి ఫోన్ చేశాం. ఇంటి యజమానురాలు తమిళం మాట్లాడే ముసలావిడ. నగరిలో పుట్టిన వనజకు తమిళం బాగా వచ్చు. మాటలు నాకూ వినిపించేలా పెట్టింది.

మేము ఊరి పేరు చెప్పకముందే ఆమె "తిరుపతి నుంచేనా?" అని అడిగింది. "గురువారం మీ నాయన వచ్చి గది చూసి వెళ్లాడు కదమ్మా. కూతురు మెట్లెక్కలేదు, కింది గదే కావాలన్నాడు" అంది.

ఆయన చూడడానికి ఎలా ఉన్నాడని మాత్రం అడిగింది వనజ.

తెల్ల పంచె కట్టుకున్న సన్నటి మనిషి అని చెప్పింది ఆవిడ. గదిలోకి రాగానే మంచాన్ని మూరతో కొలిచాడట. మోచేతి నుంచి వేలికొస దాకా చెయ్యి ఆనించి, ప్రతి మూర చివరా రెండో చేతి బొటనవేలు అడ్డంగా పెట్టి, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాడట. "వెడల్పు మూడు మూరలు, ఇద్దరికీ చాలు" అన్నాడట.

వనజ ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టింది.

మా మామ చనిపోయి అప్పటికి ఆరేళ్లు. మరమగ్గం బెల్టులో పడి ఆయన కుడిచేతి నడివేలు ఒక కణుపు తెగిపోయింది. దానితో ఆయన మూర ఒక అంగుళం తగ్గింది. కొనేవాడికి గుడ్డ తక్కువ పోకూడదని, ప్రతి మూరకూ ఎడమ బొటనవేలి వెడల్పు కలిపేవాడు. మా విభాగంలో మేము పరికరాలకు చేసే దిద్దుబాటు సరిగ్గా ఇదే. అలా కొలిచే మనిషిని నేను మరొకరిని చూడలేదు.

మరో సంగతి కూడా చెప్పాలి. మా పెళ్లికి వారం ముందు ఆయన ఎవరికీ చెప్పకుండా నగరి నుంచి బస్సెక్కి వచ్చి, తిరుపతిలో నేను అద్దెకున్న గది చూసి, మంచం కొలిచి వెళ్లాడు. నేను అప్పుడు డ్యూటీలో ఉన్నాను. "నీ మామ మంచాన్ని కొలిచి పోయినాడబ్బా, పిల్లను ఇస్తాడో లేదో" అని ఇంటి ఓనరు సాయంత్రం నవ్వాడు. నాకు మాత్రం ఆ రోజు కోపం వచ్చింది.

ఈసారి నాకు కలిగింది అనుమానం. ఎవరో మా వివరాలు సంపాదించి మోసం చేస్తున్నారనుకున్నాను. నగరిలోని బావమరిదికి ఫోన్ చేశాను.

"నాయన కొలత సంగతి ఎవురికి సెప్తాము బావా? మీరు పెనాంగ్ పోతాండారనేదే నాకు ఇప్పుడు తెలిసింది. మాకు ఒక మాట సెప్పలేదే!" అని అతనే నిలదీశాడు.

అయినా సోమవారం ఆఫీసు నుంచి, వనజకు చెప్పకుండా, ఆ ముసలావిడ ఇంటికి 1.4 కిలోమీటర్ల దూరంలో వేరే బసకు డబ్బు కట్టేశాను. డబ్బు కట్టినట్టు వచ్చే సందేశం ఆమె ఫోన్‌కు కూడా వెళుతుందన్నది నేను లెక్కలోకి తీసుకోని విషయం.

"మోసమే అనుకో. ఆ బొటనేలు సంగతి ఆయమ్మకు ఎవురు సెప్పినారు?" అంది వనజ. "నాయన సూసిన ఇంటికైతే వస్తాను. లేదంటే నువ్వొక్కనివే పోయి, అన్నీ కొలుసుకోనొచ్చేయి." పాస్‌పోర్టులు రెండూ బీరువాలో చీరల కిందికి వెళ్లిపోయాయి. మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు. మోకాలి ఆపరేషన్‌కు తేదీ అడగడానికి ఆమె ఆసుపత్రికి ఫోన్ చేయడం విన్నాక, ఈ ప్రయాణం ఇక ఉండదని నాకు అర్థమైంది. ఆ సాయంత్రమే నేను కట్టిన బస రద్దు చేసి ఆమెకు చూపించాను.

"నాయన మాట నమ్మి కాదులే. ఆయన కొలత సరిగ్గా ఉండాదో లేదో సూడాలని వస్తాండావు" అంది.

అదీ నిజమే.

ఆరు రాత్రులు ఆ కింది గదిలోనే ఉన్నాం. స్టీలు టేపుతో మంచం కొలిచాను: వెడల్పు 137 సెంటీమీటర్లు, అంటే మూడు మూరలు. ముసలావిడ పుస్తకంలో మేము ఫోన్ చేయడానికి మూడు రోజుల ముందటి గురువారం తేదీతో రెండు రాత్రుల బయానా రాసి ఉంది. పేరుండవలసిన చోట తమిళంలో 'అప్పా' అని మాత్రమే ఉంది. మామ ఫొటో చూపిస్తే ఆవిడ చాలాసేపు చూసి, "ముఖం చెప్పలేనయ్యా. చేతులైతే గుర్తుపడతాను" అంది. ఆ ఫొటోలో చేతులు లేవు.

మేము తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ నాలుగు రాత్రులకే అద్దె తీసుకుంది. మిగతాది ఇవ్వబోతే, ఒక గదికి రెండుసార్లు డబ్బు తీసుకోనని తలుపు వేసుకుంది.

ఇది ఎలా జరిగిందో నాకు నేటికీ తెలియదు. తెలిసినట్టు నటించలేను. నా పట్టికలో చివరకు మిగిలిన లెక్క ఇది.

విమాన టికెట్లు రెండు: రూ. 41,800. చెన్నైకి కారు, రానూ పోనూ: రూ. 7,000. తిండి, బస్సులు: రూ. 17,350. అద్దె, నాలుగు రాత్రులకు: రూ. 11,200. రద్దు చేసిన బస వల్ల నష్టం: రూ. 3,600. బస్సులో పోయిన గొడుగు: ఒకటి. మాటల్లేని రోజులు: మూడు. వనజ నడిచిన దూరం: 31 కిలోమీటర్లు. మిగిలిన రెండు రాత్రుల అద్దె: రూ. 5,600. చెల్లించినవారు: ఖాళీ.