హారన్ కొట్టని గట్టు మీద గూడబాతు ఫొటో

చిత్తూరులో పెళ్ళి ఫొటోల స్టూడియో నడిపే జయక్క దగ్గరికి పని అడగడానికి వెళ్ళాను. నా ఫొటోలన్నీ ఓపిగ్గా చూసి, "అందరూ నిలబడుకోనే ఉండారు గదమ్మా. పెండ్లిలో ఎవురు నిలబడతారు? తలంబ్రాలు ఎగరతాయి, పిల్లోళ్ళు ఉరకతారు. ఎగిరేదాన్ని దేన్నైనా కన్ను కనపడేట్టు తీసుకోని రా, సోమవారం నుంచి పనిలో చేరుదువు" అంది. డిగ్రీ అయి ఏడాదిన్నర దాటింది. ఆ మాట అన్నది శుక్రవారం. శనివారమంతా తిరుపతిలో మా మేడ మీది పావురాలకే సరిపోయింది, ఏ ఫొటో చూసినా రెక్కలున్న పొగే. అందుకే ఆదివారం, పెద్ద పక్షులు గూళ్ళు కట్టే నేలపట్టు చెరువుకు బయలుదేరాను.

తిరుపతిలో ఐదింటి బస్సెక్కితే ఏడుకి నాయుడుపేట. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి అప్పటిదాకా ఖర్చు ఇడ్లీలదే. అక్కడ సూళ్ళూరుపేట వైపు బస్సు పట్టుకుని దొరవారిసత్రంలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. వేచి ఉండడంతో కలిపి రానూపోనూ మూడు వందలు. నడిపే మస్తానన్నది చెరువు పక్క ఊరే.

ఎనిమిదిన్నరకు గట్టెక్కాం. నీళ్ళలో నిలబడిన చెట్ల నిండా గూడబాతులు, ముక్కు కింద సంచులు వేలాడేసుకుని గూళ్ళ మీద కూర్చున్నాయి. అరగంటలో ఎగిరినవి రెండే, అవీ మసకే. నాకు ఓపిక చచ్చిపోయింది.

"అన్నా, ఒక్క హారన్ కొట్టు. అన్నీ లేస్తాయి."

మస్తానన్న ఆటో తాళం తీసి జేబులో వేసుకున్నాడు. "ఈడ హారన్ కొట్టేదే లేదమ్మా."

"ఒక్కసారే అన్నా."

"మా సెల్లెలి పెండ్లి ఊరేగింపు ఈ దావనే పోయింది. గట్టు మొదట్లో బ్యాండు ఆపేసి, ఆ కొస దాటినాకనే మళ్ళా వాయించినారు. నడమంతా సెప్పుల సప్పుడే. ఇది పెండ్లా, సావా అని మా బావ ఎగతాళి చేసినాడు. తల్లి లేసిందంటే గూట్లో గుడ్డును కాకి ఎత్తకపోతాది. సెల్లెలికే వాయించలేదు, నీకు కొడతానా?"

తల దించుకుని సోమవారం సంగతి చెప్పాను. ఆయన ఆకాశం వైపు చూశాడు. "దానికి లేపేదెందుకు? పులికాట్‌కి మేతకు పోయినవి ఇంకాసేపట్లో వస్తాయి. గాలికి ఎదురుగానే దిగతాయి. నువ్వు గాలికి ఈపు పెట్టి నిలబడు, మొగం నీ వైపే పెట్టి వస్తాయి." కింది నుంచి చిటికెడు మట్టి తీసి వదిలాడు. అది చెరువు మీదికి పోయింది.

ఆ ఖాళీలో కెమెరా సరిచేసుకున్నాను. నా షట్టర్ సెకనులో 500వ వంతులో ఉంది, రెక్క కొట్టే పక్షికి అది చాలదు. 2000వ వంతుకు తెచ్చాను. లెన్స్ తెరుచుకునే ఎపర్చర్ 6.3, వెలుతురును పట్టే ఐఎస్ఓ ఆటో, కానీ 3200 దాటకుండా. ఫోకస్‌ను కదిలే వస్తువు వెంట సాగే పద్ధతికి మార్చి, వరసగా ఫొటోలు పడే బరస్ట్ పెట్టాను. వెనక ఆకాశం తెల్లగా ఉంటే పక్షి నల్లబొమ్మగా పడుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచాను.

పది కావస్తుండగా మొదటిది వచ్చింది. ఆశకొద్దీ జూమ్ మొత్తం లాగితే పొట్ట, ఒక రెక్క మాత్రమే పడ్డాయి. జూమ్ వెనక్కి తగ్గించాను. రెండోదాన్ని దూరం నుంచే కెమెరాతో వెంబడించాను.

"ఇంకా రానీ," అన్నాడు మస్తానన్న గొంతు తగ్గించి. "రానీ... ఇప్పుడు."

బటన్ నొక్కాక కూడా దానితోపాటే తిరిగాను. కాళ్ళు ముందుకు చాచి, రెక్కలు గొడుగులా విప్పి, సంచి బరువుగా వేలాడుతూ నేరుగా నా వైపే దిగింది. కన్ను స్పష్టంగా ఉంది. గట్టు మీదినుంచే ఫోన్‌లో జయక్కకు పంపాను.

ఆమె ఫోన్ చేసింది. "రెక్క కొస మసకగా ఉండాది. కన్ను బాగుండాది. ఎట్ల లేపినావు?"

"లేపలేదక్కా. ఇంటికొచ్చేటప్పుడు తీసినాను."

"అయితే రేపు తొమ్మిదికి రా" అంది.

ఇప్పటికి నాలుగు పెళ్ళిళ్ళు తీశాను. మొన్న పలమనేరులో తలంబ్రాల వేళ తోటి ఫొటోగ్రాఫర్ అలవాటుగా "ఇంకోసారి పొయ్యండి" అనబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. బియ్యం ఎటు పడుతుందో ముందే చూసుకుని నిలబడి ఉన్నాను. సెట్టింగులు ఒక్క పూటలో వచ్చేస్తాయి. ఎదుటివాళ్ళను కదిలించకుండా మనమే చోటు మారాలన్నది మాత్రం నాకు ఆ గట్టు మీదే తెలిసింది.

మీరు వెళ్తే తొమ్మిదిలోపు చేరుకోండి. గట్టెక్కగానే కెమెరా తీయకండి. ముందు చిటికెడు మట్టి వదిలి, అది ఎటు పోతే అటు తిరిగి నిలబడండి.