నేను చూడని కాలేజీ

ఆరేళ్ళుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. ఎనిమిది మాటల వాక్యం. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాననుకుంటాను.

మందుల కంపెనీలో అమ్మకాల ఉద్యోగం నాది. ఘాజియాబాద్‌లో కాపురం పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. మా సొసైటీలో ఉన్న పది పన్నెండు తెలుగు కుటుంబాలకి నేనే కాలక్షేపం. నా కథల్లో రైళ్ళు నాకోసం ఆగుతాయి, మంత్రులు నా చెప్పులు వేసుకుని వెళ్ళిపోతారు. కోతలని అందరికీ తెలుసు. తెలిసే నవ్వుతారు. నేనేం చెప్పినా సగం తీసేసి వింటారులే అన్న ధీమా నాకుండేది. నవ్వొచ్చే మాటకి జనం సగం తీసేస్తారు. భయం పుట్టించే మాటకి ఎవరూ ఏమీ తీసెయ్యరు. ఈ తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా పై అంతస్తులో శేషగిరిగారు ఉండేవారు. ఆయన భార్య వనజగారికి కిడ్నీలు చెడిపోయి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒక్కతే కూతురు, హారిక. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తల్లిని ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళి, ఆ నాలుగు గంటలూ మంచం పక్కనే కూర్చుని నీట్‌కి చదువుకుంది. మంచి ర్యాంకు వచ్చింది. ఇక్కడే చదివింది కాబట్టి ఉత్తరప్రదేశ్ కోటాలో ప్రభుత్వ సీటు ఖాయం. తేలవలసింది రెండు కాలేజీల మధ్యే. ఒకటి పాతది, ఇక్కణ్ణించి రైల్లో రెండు గంటలు. రెండోది రాష్ట్రానికి ఆ చివర, తూర్పున, కొత్తగా పెట్టింది. రాత్రంతా ప్రయాణం. పిల్లకి దగ్గరిదే కావాలి. కారణం చెప్పక్కర్లేదు కదా.

ఆ ఆదివారం వాళ్ళింట్లో పెసరట్లు. అందరం చేరాం. శేషగిరిగారు నావైపు తిరిగి, "యూపీ అంతా తిరిగినవారు మీరే. ఆ దగ్గరి కాలేజీ ఎలాంటిదండీ?" అన్నారు. నేనా ఊరు వెళ్ళలేదు. అది నా ఏరియా కాదు. తెలియదని అనేస్తే పోయేది. కానీ పది మంది చేతుల్లో ప్లేట్లు పట్టుకుని నా నోటివైపు చూస్తున్నారు. మొదలుపెట్టాను. అక్కడి కోతులు శవాల గదిలోంచి ఎముక ఎత్తుకొచ్చి మెస్సులో పప్పు గిన్నెలో పడేశాయన్నాను. వార్డెన్ దాన్ని మునక్కాడనుకున్నాడన్నాను. పగలబడి నవ్వారు. వనజగారు కూడా నవ్వారు, పొట్ట పట్టుకుని. శేషగిరిగారు మాత్రం నవ్వలేదు. "ఆడపిల్లలకి భద్రత ఎలా ఉంటుందండీ?" అని అడిగారు. అప్పటికి నేను ఊపులో ఉన్నాను. "సాయంత్రం ఆరు దాటితే ఆ గేటు దగ్గర జీపులు తిరుగుతాయి" అన్నాను.

అదే ఆ వాక్యం.

ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆగిపోయిందని నాకు తెలిసింది. అక్కడే నాలుక కరుచుకోవచ్చు. కరుచుకోలేదు. నిజం చెప్పాలంటే, ఆ నిశ్శబ్దం నాకు నచ్చింది. నవ్వు ఎన్నోసార్లు చూశాను. నా మాటకి మనుషులు గంభీరంగా తలూపడం అదే మొదటిసారి.

వాళ్ళ ఎదురింటి శర్మగారు హిందీవాళ్ళు, ఆయనది ఆ ఊరే. కాలేజీ చాలా మంచిదని, తన మేనకోడలు అక్కడే చదివిందని ఆయన ఎంతో చెప్పారట. "వాళ్ళ ఊరు కాబట్టి మంచిదనే అంటారు. మనకి మనవాడు చెప్పాడు కదా" అన్నారట శేషగిరిగారు. ఊరు కాని ఊళ్ళో మేము చేసే పొరపాటే అది. ఏళ్ళ తరబడి కంది పచ్చడి ఇచ్చిపుచ్చుకున్న పొరుగింటివాడి మాట కన్నా తెలుగులో చెప్పిన మాట మీద గురి ఎక్కువ.

కంప్యూటర్లో కాలేజీల వరస పెట్టి తాళం వేసే గడువు మర్నాడు సాయంత్రం. మధ్యాహ్నం పార్కింగులో బండి తీస్తుంటే హారిక దిగి వచ్చింది.

"అంకుల్, ఏక్ బాత్ పూఛూ?"

"అడగమ్మా."

"మీరు ఆ కాలేజీకి సచ్ మే వెళ్ళారా?"

"వెళ్ళకుండా చెప్తానా?"

"జీపులు మీరే చూశారా?"

"నా కళ్ళతో చూశాను తల్లీ."

కాసేపు చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. "నాన్న మీ మాటే పట్టుకున్నారు అంకుల్. దూరందే ఫస్ట్ పెడతారట. అక్కణ్ణించి నేను మమ్మీ దగ్గరికి ఎన్నిసార్లు రాగలను? మీరొక్కసారి అంత లేదని చెప్తే వింటారు. ప్లీజ్."

"చదువుకునే పిల్లవి. ఇంటిమీద బెంగ పెట్టుకోకూడదు."

"ఠీక్ హై, అంకుల్."

మెట్లెక్కి వెళ్ళిపోయింది. లిఫ్టు ఉంది. ఎక్కలేదు.

ఎందుకు చెప్పలేదు? నన్ను నేనే ఎన్నోసార్లు అడిగాను. గడువుకి ఇంకా నాలుగు గంటలున్నాయి. ఊరికే అన్నానని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ఆయన కోప్పడేవారు, వారం తర్వాత మరిచిపోయేవారు. నేను భయపడింది కోపానికి కాదు. నన్ను మొదటిసారి నమ్మిన మనిషి ముందు మళ్ళీ కోతలరాయుణ్ణైపోతానని. అంత చిన్న కారణం. పెద్ద కారణమేదైనా ఉంటే బాగుండునని వెతికాను, దొరకలేదు.

దూరం కాలేజీలో సీటొచ్చింది. మొదట పెట్టినదే వస్తే ఆ తర్వాతి కౌన్సెలింగుల్లో కింద పెట్టినదానికి మారే వీలుండదట. మూసుకుపోయింది.

రెండో ఏడు చలికాలంలో డయాలసిస్ మధ్యలో వనజగారికి గుండె పట్టేసింది. రెండు రోజులు ఐసీయూలో ఉన్నారు. మొదటి రోజంతా స్పృహలోనే ఉన్నారు. "హారీ ఎక్కడిదాకా వచ్చింది?" అని గంటకోసారి అడిగారట. హారిక దొరికిన రైలెక్కింది. పొగమంచు. రైలు ఎక్కడెక్కడో ఆగింది. పద్నాలుగు గంటల ఆలస్యం. స్టేషన్‌కి కారు తీసుకెళ్ళింది నేనే. అప్పటికి వనజగారు పోయి మూడు గంటలైంది. ఆ పిల్ల వెనక సీట్లో బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణని ఇప్పుడు అనుకుంటాను. నన్ను నేను నమ్మను.

పదకొండో రోజున శేషగిరిగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. "మీరు చెప్పబట్టి పిల్ల క్షేమంగా ఉంది. మా ఆవిడ ఆ ధైర్యంతోనే పోయిందండీ."

తలూపాను. ఏం చెయ్యను? తలూపాను.

ఆ తర్వాతి ఏడు కంపెనీ నన్ను ఆ దగ్గరి కాలేజీ ఉన్న ఊరు పంపింది. పని అయ్యాక ఆ కాలేజీ గేటుకెదురుగా నిలబడ్డాను. ఏడైంది. చీకటి పడింది. తెల్లకోట్లు భుజాన వేసుకున్న ఆడపిల్లలు బండి దగ్గర ఆలూ టిక్కీ తింటూ పరీక్షల గురించి గోల చేస్తున్నారు. తిరుగు రైలు రెండు గంటలు కూడా పట్టలేదు.

హారిక ఇప్పుడు డాక్టర్. పీజీకి మళ్ళీ కాలేజీల వరస పెట్టాలి. మొన్న శేషగిరిగారు ఫోన్ చేశారు, "మీ సలహా కావాలండీ" అని. నాకు తెలియదన్నాను. "మీకు తెలియకపోవడమేంటండీ" అని నవ్వారు. ఆ నవ్వు వినలేక ఏదో వంక చెప్పి పెట్టేశాను.

ఆయనకి చెప్తే ఉన్న ఒక్క ఊరటా పోతుంది కదా అంటుంది మనసు. అది దయా, పిరికితనమా? పిరికితనమే. హారికకి తెలిసే ఉంటుందని ఒక్కోసారి అనిపిస్తుంది. పండక్కి వస్తే మా ఇంటి గుమ్మం దాకా వచ్చి, స్వీట్ల పెట్టె మా ఆవిడ చేతికిచ్చి వెళ్ళిపోతుంది.

మీరు నన్ను క్షమించకండి. అది మీ చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉందో ఆవిడ లేరు. నేనా ఊరు వెళ్ళకుండానే వెళ్ళానన్నాను, ఒక తల్లికీ కూతురికీ మధ్య రాత్రంతా ప్రయాణం పెట్టాను. ఇంతే. ఇంతకాలానికి ఒకరికి చెప్పాను. ఊపిరి కాస్త లోపలిదాకా వెళ్తోంది.