ఫిల్టరు కోసి చూసిన మా బావగారు

మా బావగారు పోయారన్న కబురు మైపాడు నుంచి వచ్చే మొదటి బస్సు కండక్టరు గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్ళాడు. బియ్యం ఏరుతున్న చేట కింద పెట్టేశాను. నా భర్తకి సొంత అన్నగారు ఆయన. జ్వరంతో పడుకుని మళ్ళీ లేవలేదట. ఊళ్ళో ఆయనకి పిరికివాడని పేరు. పాడె మోసినవాళ్ళు కూడా ఆ మాటే అనుకుని నవ్వి, కళ్ళు తుడుచుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఆయన భయం నాకు చేసిన మేలు నలుగురికీ చెప్పుకుంటే తప్ప తిండి సయించేలా లేదు.

చేపల వేట మీద బతికే ఇంట్లో పుట్టి, సముద్రమంటే వణికిపోయే మనిషి ఆయన. వలలు తమ్ముళ్ళకి వదిలేసి, మిలిటరీ వేలంలో సైడుకారున్న పాత మోటారు సైకిలు కొనుక్కుని, చేపల గంపలు నెల్లూరుకి చేరవేసేవారు. తీరా చూస్తే ఆ బండన్నా భయమే. గూడూరు దారిలో ఎవరిదో బండి ఇంజను ఉన్నట్టుండి పట్టేసి, వెనక చక్రం బిగుసుకుపోయి, నడిపే మనిషి ఎగిరిపడి చనిపోవడం ఆయన కళ్ళారా చూశారు. అప్పటినుంచి ఇంజను చప్పుడు కాస్త మారితే చాలు, బండి ఆపి దిగిపోయేవారు.

"కడుపులో ఏముండాదో అది నోరు తెరిచి చెప్పదు గదమ్మాయ్. చూడకుండా ఎట్టా ఎక్కేది?" అనేవారు నాతో.

ఇంజనులో అరిగిన లోహం పొడి ఆయిల్ ఫిల్టరులో చిక్కుకుంటుందని ఆయనకి ఎవరో చెప్పారు. ఆ బండి ఫిల్టరు అన్ని వైపులా మూసేసిన రేకు డబ్బా, లోపల మడతలు మడతలుగా కాగితం. ఆయిలు మార్చినప్పుడు అందరూ పాతది పారేస్తారు. ఈయన ఇంటికి తెచ్చి రంపంతో కోశారు. కాగితం నిండా తళతళలాడే ఇనప రజను! మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇంజనంతా విప్పి వసారాలో గోనెపట్టాల మీద పరిచారు. ఎక్కడా అరుగుదల కనబడలేదు. ఆఖరికి ఆయన భార్య, మా అక్క, డబ్బా తెగిన అంచు మీద వేలు రాసి చూపించింది.

"ఇదేందయ్యా, నీ రంపం పొట్టు గాదా ఇది?"

నిజంగా పొట్టే అది. ఆ తర్వాత చాలాకాలం ఆయన వీధిలోకి వస్తే చాలు, అరుగుల మీదున్నవాళ్ళు రంపం కోస్తున్నట్టు చేతులాడించేవాళ్ళు.

ఇంకొకరైతే అంతటితో మానుకునేవారు. ఈయన పొట్టు రాలకుండా కోసే పనిముట్టు చెయ్యడానికి కూర్చున్నారు. వంచిన ఇనప పట్టీ, దానికి ఒక పక్క రెండు చిన్న రోలర్లు, ఎదురుగా పదునైన ఉక్కు బిళ్ళ, ఆ బిళ్ళని ముందుకి నెట్టే మర. బిళ్ళకి పదును బిట్రగుంట రైల్వే కాలనీలో తెలిసిన ఫిట్టరు చేత పెట్టించుకొచ్చారు. డబ్బాని అందులో ఇరికించి, చుట్టూ తిప్పుతూ, కొంచెం కొంచెంగా మర బిగిస్తే రేకు తెగుతుంది, పొడి రాలదు. మొదట్లో బిళ్ళ జారి ఆయన బొటనవేలు తెగింది. మర మరీ బిగించి ఒక డబ్బాని నలిపేశారు. తీరా పని కుదిరాక, లోపలి కాగితం నా చేతిలో పెట్టి గోడవైపు తిరిగి నిలబడ్డారు.

"నువ్వు చూసి చెప్పమ్మాయ్."

ఏమీ లేదన్నాను. ఆ పూట మారు అన్నం పెట్టించుకుని తిన్నారు.

అప్పట్లో మేమంతా మైపాడులో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. నెలలు నిండకముందే నాకు నొప్పులొచ్చాయి. నా భర్త వేటకి వెళ్ళి ఉన్నారు. బిడ్డ అడ్డం తిరిగింది, నా చేతిలో లేదు, నెల్లూరు తీసుకుపొమ్మంది మంత్రసాని. బస్సు వెళ్ళిపోయింది. అక్క సైడుకారులో దుప్పట్లు పరుస్తోంది. బావగారు మాత్రం ఆ పొద్దున కోసిన ఫిల్టరు కాగితం పట్టుకుని కదలకుండా నిలబడ్డారు. మడతల్లో ఇత్తడి రంగు పొడి. ఈసారి రంపం మీదికి నెట్టడానికి లేదు.

"పిల్ల చచ్చిపోతా ఉంటే ఇప్పుడు గూడా నీ పిరికితనమేనా!" అని అక్క అరిచింది.

ఆయన వచ్చి నా మంచం పక్కన కూర్చున్నారు. ఆ కాగితం నాకు చూపించారు.

"అబద్ధం చెప్పనమ్మాయ్. లోపల బేరింగు అరిగి రాలతా ఉంది. దారిలో ఇంజను పట్టేసినా పట్టేస్తది. ఎద్దుల బండి కట్టిచ్చేదా?"

"అది ఎప్పటికి చేరుద్ది బావా?"

"పొద్దుగూకుద్ది."

నా పొట్ట రాయిలా బిగుసుకుంది. "నాకు భయంగా ఉంది బావా," అన్నాను.

"నాకూ అట్నే ఉంది. పోదాం పద. క్లచ్చి మీద నుంచి చెయ్యి తియ్యను."

ఇంజనుకి బరువు ఎక్కువ కాకూడదని అక్కని ఇంట్లోనే ఉండమన్నారు. ఇంజను పట్టేసిన క్షణంలోనే క్లచ్చి నొక్కితే చక్రం బిగుసుకోదని దారిలో గట్టిగా చెబుతూనే ఉన్నారు, నాకో తనకో తెలియదు. సరుగుడు తోటలు దాటాం. నేను బిడ్డ కదులుతోందా లేదా అని ఒక చెయ్యి పొట్ట మీద, ఇంకో చెయ్యి సైడుకారు అంచు మీద వేసుకుని, ఇంజను చప్పుడే వింటున్నాను. అంత భయం మళ్ళీ ఎప్పుడూ ఎరగను. ఇందుకూరుపేట దాటాక ఇంజను కీచుమని అరిచి ఆగిపోయింది. కళ్ళు మూసుకున్నాను. బండి పల్టీ కొట్టలేదు. చప్పుడు లేకుండా దొర్లుకుంటూ వెళ్ళి రోడ్డు వార ఆగింది.

తర్వాత వచ్చిన ఉప్పు లారీవాళ్ళు మమ్మల్ని ఎక్కించుకున్నారు. మా పాప ఆ సాయంత్రం పెద్దాసుపత్రిలో పుట్టింది. ఇప్పుడు పలక పట్టుకుని బడికి పోతోంది.

కబురు విన్నప్పటి నుంచి నా కళ్ళ ముందు ఉన్నది మాత్రం ఆ లారీ రాకముందు సంగతి. బండి ఆగినా బావగారు దిగలేదు. "అమ్మాయ్, వేళ్ళు రావడం లేదు," అన్నారు, ఏడుపు గొంతుతో. ఎడమ చెయ్యి క్లచ్చి మీద కొయ్యబారిపోయింది. నేను సైడుకారులోంచి ఆయన వైపు ఒరిగి, నొప్పి వచ్చినప్పుడు ఆగుతూ, తగ్గినప్పుడు ఆ వేళ్ళని ఒక్కొక్కటే విప్పాను. మంచుముక్కల్లా ఉన్నాయి. చివరి వేలు క్లచ్చిని వదలగానే, ఆ చెయ్యి వచ్చి నా చేతిని పట్టుకుంది.