ఊకొట్టిన మనిషి

వీధిలో అందరికీ ఆవిడ కర్టెన్లావిడ. కుట్టుమిషను ముందు కూర్చుని సగం ఊరి కిటికీలకి తెరలు కట్టింది. తన పడగ్గదికి మాత్రం మూడు పొరల గుడ్డ వేసి కుట్టుకుంది. పట్టపగలు నిద్రపోవాల్సిన మొగుడున్నాడు మరి.

ఆయన విమానం నడిపేవాడు. రాత్రంతా నడిపి తెల్లారి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా మంచం అంచున కూలబడేవాడు. ఆవిడ కాఫీ చేతికిచ్చి తన కుట్టు కొట్లో సంగతులు చెప్పేది. ఆయన ఊకొట్టేవాడు. వింటుంటే ఆ ఊఁ పొట్టిగా, టక్కున తెగేది. కళ్ళు తెరిచి ఉండగానే నిద్రలోకి జారిపోతే మాత్రం సాగి, చివర్న కిందికి వాలేది. ఓసారి ఆవిడ పరీక్ష పెట్టింది.

"మన కొట్టు తగలబడిపోయిందండీ."

"ఊఁ..."

"మీ అమ్మగారు మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నారు. పెళ్ళికొడుకు మా నాన్నే."

"ఊఁ... మంచిది."

పక్కగదిలో అత్తగారు నవ్వాపుకోలేక నోట్లో కొంగు కుక్కుకుంది.

"ఇంత అలసటగా ఉందని మీ ఆఫీసులో చెప్పొచ్చుగా?" అని ఆవిడ అడిగితే, "చెప్పినవాణ్ణి చేతకానివాడి కింద జమకడతారు. ఈ నెల గడవనీ" అనేవాడు. నెలలు గడుస్తూనే ఉండేవి.

ఓ పొద్దున పొగమంచులో దిగబోతూ ఆయన విమానం రన్‌వేకి ఇవతలున్న గుట్టను కొట్టుకుంది. ఎక్కినవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు.

కొన్నాళ్ళకి విచారణవాళ్ళ కబురొచ్చింది. పైలట్ల మాటలు రికార్డయిన పెట్టె దొరికిందట. హోరులో గొంతులు సరిగ్గా తెలియడం లేదట, ఎవరిదేదో కాగితం మీద రాయాలంటే ఇంట్లోవాళ్ళు వచ్చి గుర్తుపట్టాలట. మరిది కారులో తీసుకెళ్ళాడు.

"వదినా, ఒకళ్ళు ప్రమాదమని హెచ్చరించారట, ఇంకొకళ్ళు ఊఁ అని ఊరుకున్నారట. హెచ్చరించింది అన్నయ్యేనని చెప్పెయ్."

"మరి ఊరుకున్నదెవరు?"

"ఆ కో-పైలట్ కుర్రాడు. పోయినవాడొచ్చి కాదంటాడా?"

ఆవిడ కారు అద్దానికి తల ఆనించింది. కాదనడానికి కూడా ఓపిక ఉండాలి.

విచారణ ఆఫీసు వరండాలో బల్ల మీద ఆ కుర్రాడి అక్క కూర్చునుంది. ఆమె వంతు అప్పుడే అయిందట. హెచ్చరించిన గొంతు తమ్ముడిదేనని చెప్పినా, నమ్మారో లేదో తెలియక అక్కడే ఉండిపోయింది.

లోపల గదిలో కర్టెను అంచు కుట్టూడి వేలాడుతోంది. ఆవిడ దాన్నే చూస్తూ కూర్చుంది. అధికారి మీట నొక్కాడు. హోరు. హోరులోంచి, "సార్, ఎత్తు తగ్గిపోతోంది." మళ్ళీ హోరు. "సార్, పైకి లేపుదామా?"

"ఊఁ..."

సాగింది. చివర్న కిందికి వాలింది.

"ఇంకోసారి వెయ్యమంటారా?"

"వద్దండీ. ఆ ఊఁ మా ఆయనదే."

మరిది కుర్చీ కిర్రుమంది. అధికారి పక్కనున్న విమాన కంపెనీ లాయరు ముందుకు వంగాడు. "అంటే విన్నారు. వినీ దిగారు. అంతేనా?"

"వినలేదండీ. నిద్రపోతున్నారు."

"ఒక్క ఊఁతో అదెలా చెప్పగలరమ్మా?"

"అది వింటూనే కాపురం చేశానండీ. వాళ్ళమ్మగారికి మా నాన్నతో పెళ్ళి కుదిర్చినా అలాగే అన్నారు." ఎవరూ నవ్వలేదు. "ఆ వారమంతా ఆయనకి రాత్రి డ్యూటీలే వేశారు. ఎందుకు వేశారో ఈయన్ని అడగండి."

అధికారి లాయరు వైపు తిరిగాడు.

బయటికొచ్చాక మరిది కారు దగ్గర ఆగాడు. "అంతమందిని ఎక్కించుకుని నిద్రపోయాడని రేపు ఊరంతా అంటుంది. మా అన్నయ్య పరువు నీ నోటితోనే తీశావు వదినా." కారు తలుపు దడాలున పడింది. ఆవిడ ఎక్కకుండానే కారు వెళ్ళిపోయింది.

కుర్రాడి అక్క బల్ల మీంచి లేచింది. "మావాడు చెప్పాడా అండీ?"

"చెప్పాడమ్మా. రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ సార్ అనే అన్నాడు."

ఇద్దరూ ఒకే బస్సెక్కారు. పక్కపక్క సీట్లు దొరికాయి. ఆ పిల్ల తమ్ముడి గురించి మొదలుపెట్టింది. మొదటిసారి యూనిఫాం వేసుకున్న రోజు పాలవాడికి కూడా సెల్యూట్ కొట్టాడట. టోపీ పెట్టుకుని అన్నానికి కూర్చున్నాడట. ఆవిడ ఊకొడుతోంది. బస్సు ఊగుతోంది. టోపీ తర్వాత ఏదో జరిగింది, ఏమిటో అందలేదు. తన నోట్లోంచి వచ్చిన ఊఁ సాగడం, చివర్న కిందికి వాలడం ఆవిడకే వినిపించింది.

ఉలిక్కిపడి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఆగమ్మా. నాకు నిద్ర ముంచుకొస్తోంది. కాసేపు పడుకుని లేస్తాను. టోపీ దగ్గర్నుంచి మళ్ళీ చెప్పు."