‘ఇతరములు’ కింద వేసిన పేపరు

మా గుణదలలో అందరూ సైంటిస్టు గారని పిలిచే పెద్దాయన ఇక లేరు. నేను నూజివీడులో మా అక్క దగ్గరున్న వారంలో జరిగిందట, ఆఖరి చూపు దక్కలేదు. ఆదరణ కూడికకి కార్డులు వేయించడానికి ఆయన భార్య మా జాబ్‌టైపింగ్ షాపుకి వచ్చినప్పుడు తెలిసింది. ఫోటో బల్ల మీద పెట్టి, “సార్ వెళ్ళిపోయారమ్మా” అన్నారు. కార్డు వెనక వైపు ఆయన రాసిన పరిశోధన పేపర్ల జాబితా వెయ్యమన్నారు. ఆ జాబితాతో నాకో పాత బాకీ ఉంది. అదేమిటో ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

తొంభైల్లో నాకు ఒక పాత టైపు మిషను, రేకుల గది, బోలెడంత పొగరు ఉండేవి. ఎవరు ఏ కాగితం తెచ్చినా సర్దిగానీ కొట్టేదాన్ని కాదు. సార్ ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. వయసులో ఉండగా పడవల మీద తిరిగి సముద్రం గురించి పేపర్లు రాశారు. తర్వాత ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు కేంద్రానికి బస్సెక్కి వెళ్ళి బొగ్గు మంటల గురించి రాశారు. ఏడాదికోసారి, కొత్త పేపరు అచ్చయితే, జాబితా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చేవారు.

టీ తెప్పిస్తే డికాక్షను వేరే, పాలు వేరే కావాలి ఆయనకి. గాజు గ్లాసులో పాలు మెల్లగా పోసి, తెల్లటి తీగలు కిందికి దిగడం చూస్తూ కూర్చునేవారు.

“చల్లారిపోతోందండీ” అనేదాన్ని.

“ఉండమ్మా, ఇంకా కలవలేదు. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలవడమైనా, బాయిలర్లో బొగ్గుపొడి గాలిలో కలవడమైనా నాకు ఒకటే లెక్క. నేను ఇన్నాళ్ళూ చూసింది ఆ కలవడాన్నే.”

తల ఊపేదాన్ని. ఒక్క ముక్క బుర్రకెక్కించుకుంటే ఒట్టు.

ఒకసారి సముద్రతీరంలోని ఏదో పరిశోధనా కేంద్రంలో ఉద్యోగానికి ప్రకటన పడింది. వయసు దాటిపోయేలోగా ఆయనకి అదే చివరి అవకాశం. “మళ్ళీ ఉప్పుగాలి పీల్చాలని ఉందమ్మా” అన్నారు, చిన్నపిల్లాడిలా నవ్వుతూ. ఆ రోజే పోస్టు చేస్తే తప్ప గడువుకి అందదు. క్లాసుందని దరఖాస్తు మీద ముందే సంతకం పెట్టేసి, మిగతాది నాకు వదిలేసి వెళ్ళారు.

జాబితా చూస్తే నాకు చిరాకేసింది. ఒక వరసలో సముద్రం, ఇంకో వరసలో మంట, మళ్ళీ సముద్రం. ఇదేం కలగాపులగం అనుకున్నాను. పేర్లలో ‘ఓషన్’ ఉన్నవన్నీ ఒక శీర్షిక కింద, ‘కంబశ్చన్’ ఉన్నవన్నీ ఇంకో శీర్షిక కింద చేర్చాను. ఒక్క పేపరు మిగిలింది. దాని పేరులో సముద్రమూ లేదు, మంటా లేదు, ‘మిక్సింగ్’ అని మాత్రం ఉంది. దాన్ని అట్టడుగున ‘ఇతరములు’ అని వేసి పారేశాను. ఎంత పొందిగ్గా కుదిరిందో అని మురిసిపోతూ నేనే పోస్టు చేసి వచ్చాను.

సాయంత్రం కార్బన్ కాపీ చేతికిస్తే చాలాసేపు చూశారు. “బాగా సర్దావమ్మా” అన్నారు. ఆ రోజు టీ తాగలేదు.

ఉద్యోగం రాలేదు. “ఇంటర్వ్యూలో వాళ్ళు, సముద్రం వదిలేసి చాలా కాలమైందిగా అన్నారమ్మా. ఏదీ వదల్లేదని నేను సరిగా చెప్పుకోలేకపోయాను” అన్నారు. మరుసటి ఏడు జాబితా తెచ్చినప్పుడు మాత్రం, “ఈసారి ఏ ఏడాదిది ఆ ఏడాదిలోనే ఉంచమ్మా. ఆ మిక్సింగు పేపరు మధ్యలో ఉంటేనే అటూ ఇటూ ఉన్నవి ఒకే మనిషివని తెలుస్తుంది” అన్నారు. అప్పుడు వెలిగింది నాకు. క్షమించండి సార్ అన్న మాట నోటిదాకా వచ్చింది. టీ చల్లారిపోతోందండీ అన్నాను. ఆ తర్వాత దాదాపు పదేళ్ళు వచ్చారు. షాపులోకి కంప్యూటరు వచ్చింది, మిషను అటకెక్కింది, ఆ మాట మాత్రం నా నోట్లోనే ఉండిపోయింది.

మొన్న కార్డులకి వచ్చినప్పుడు అమ్మగారు జాబితా కోసం ఆ ప్లాస్టిక్ కవరే ఇచ్చారు. అడుగున నేనిచ్చిన కార్బన్ కాపీ ఉంది. ‘ఇతరములు’ కింది వరసని కత్తెరతో కత్తిరించి, సముద్రానికీ మంటకీ మధ్య గమ్ముతో అతికించి ఉంది.

“ఇంటర్వ్యూకి ఇదే జేబులో పెట్టుకెళ్ళారమ్మా” అన్నారామె. “తీసి చూపించొచ్చుగా అంటే, టైపు చేసినమ్మాయి తప్పని చెప్పినట్టుంటుంది, బాగోదులే అన్నారు.”

ఆమె వెళ్ళాక కార్డు వెనక వైపు కొట్టాను, ఏ ఏడాదిది ఆ ఏడాదిలో. ఆ పేపరు మధ్యలోకి వచ్చింది. పక్కన ఆ పాత కాపీ ఉంది. గమ్ము ఎండిపోయి, అతికించిన ముక్క ఒక మూల పైకి లేచింది. వేలితో నొక్కాను. తియ్యగానే మళ్ళీ లేచింది.