కత్తెర అడిగిన గొంతు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం నాది. ఏ తప్పుకైనా వెతికితే కారణం దొరికి తీరుతుందని నమ్మిన మనిషిని. ఇది చదివి మీరు నవ్వినా నేనేమీ అనుకోను.

నా కింది దవడ ముందుకు పెరిగింది. ముందు పళ్లు కలిసేవి కావు, ‘స’ కూడా సరిగ్గా పలికేది కాదు. చపాతీ ముక్క కూడా పక్క పళ్లతో తెంపుకోవలసి వచ్చేది. అందం కోసమని ఆఫీసులో అనుకున్నారు గానీ, సరిగ్గా నమలలేకే ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను. ఏడాదికి పైగా పళ్లకు క్లిప్పులు పెట్టుకున్నాక, దవడ ఎముకలు కోసి, సరిచేసి, ప్లేట్లూ స్క్రూలతో బిగించారు.

ముఖం వాస్తుందని, కింది పెదవి నెలల తరబడి మొద్దుబారి ఉండొచ్చని డాక్టరు ముందే చెప్పారు. అయినా అద్దంలో ఆ ముఖం చూసుకుని ఏడ్చాను. దవడలు కదలకుండా పై పళ్లకూ కింది పళ్లకూ కలిపి బిగుతుగా రబ్బర్లు వేశారు. మాట లేదు. ఏం కావాలన్నా ఫోన్‌లో రాసి చూపించడమే.

డిశ్చార్జి చేసేటప్పుడు నర్సు, మన కోస్తావైపు ఆవిడే, మా అక్కకు గట్టిగా చెప్పింది. “కత్తెర మంచం పక్కనే ఉండాలమ్మా. వాంతి వచ్చిందా, ముందుకు వంచి రబ్బర్లు కత్తిరించేయండి. ఆలోచించొద్దు.”

అక్క నాకోసం కాకినాడ నుంచి సెలవు పెట్టుకుని వచ్చింది. జనక్‌పురిలోని నా ఫ్లాట్‌లో మేమిద్దరమే.

ఒక మధ్యాహ్నం అక్క సిరంజితో నాకు రాగిజావ పట్టించి వంటింట్లోకి వెళ్లింది. తాగాక కాసేపు కూర్చునే ఉండాలి. నీరసంగా ఉండి, రజాయి కప్పుకుని పడుకున్నాను. ఉన్నట్టుండి కడుపులో తిప్పింది. జావ గొంతులోకి ఎగదన్నింది. నోరు తెరుచుకోదు. ముక్కు వాపుతో మూసుకుపోయి ఉంది.

చెయ్యి చాచాను. స్టూలు మీద కత్తెర లేదు. పాలప్యాకెట్ కోసం అక్క వంటింట్లోకి పట్టుకెళ్లిందని తర్వాత తెలిసింది. అక్కడ మిక్సీ తిరుగుతోంది. మంచాన్ని బాదాను. పరుపు మీద దెబ్బలు నాకే వినపడలేదు. చచ్చిపోతున్నానని అర్థమైంది.

మిక్సీ ఆగింది. అక్క కత్తెరతో పరుగెత్తుకొచ్చి, నన్ను లేపి ముందుకు వంచి, రబ్బర్లు కత్తిరించడం మొదలుపెట్టింది.

అప్పుడు హాల్లోంచి వినిపించింది. “అక్కా, తొందరగా!”

అది నా గొంతు.

అక్క చెయ్యి ఆగిపోయింది. నా మూసిన నోరు ఆమె వేళ్ల మధ్యే ఉంది. నా కళ్లలోకి చూసింది. నేనూ విన్నానని తెలిసిపోయింది. మళ్లీ కత్తెర ఆడించింది.

ఊపిరి అందాక కూడా ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని అలాగే కూర్చున్నాం. హాల్లోకి తొంగి చూసే ధైర్యం లేకపోయింది. చాలాసేపటికి వెళ్లి చూస్తే, వీధి తలుపు లోపలి గడియ వేసినట్టే ఉంది. టీవీ ఆపి ఉంది. నా ఫోన్ రజాయి కిందే ఉంది.

“నువ్వు పిలిస్తేనే వచ్చానే,” అంది అక్క. “‘అక్కా, కత్తెర తీసుకురా’ అన్నావు. మిక్సీ హోరులో కూడా పక్కనే నుంచుని చెప్పినట్టు వినపడింది. కానీ నీకు ‘స’ సరిగ్గా పలకదు కదా? అది పలికిందే!”

ఆసుపత్రిలో రబ్బర్లు మళ్లీ వేశారు. పడుకున్నందుకు డాక్టరు నన్ను కోప్పడ్డారు. గొంతు సంగతి చెబితే మందుల ప్రభావం అన్నారు. మందులు వేసుకున్నది నేను. అక్క కాదు.

కొన్ని నెలలకు మాట కుదుటపడింది, ‘స’ కూడా తేటగా పలుకుతోంది. ఒకరోజు వీడియో కాల్‌లో, “ఈసారి వచ్చేటప్పుడు ఆవకాయ తీసుకురా” అన్నాను. అక్క ముఖం పాలిపోయింది.

“ఆ రోజు పిలిచింది ఇదే గొంతే,” అంది మెల్లగా.

ఆ రోజుకి ఈ గొంతు నాకింకా రాలేదు.

ఈ ఆపరేషన్ గురించి ఎవరైనా అడిగితే, ఒంటరిగా ఉండొద్దని, తాగిన వెంటనే పడుకోవద్దని, కత్తెరను మంచం పక్కనుంచి కదపొద్దని చెబుతాను. మిగతాది చెప్పను. దానికి కారణం నేనింకా కనుక్కోలేకపోయాను. నా ప్రాణం కాపాడిందని తెలిసినా దాన్ని తలుచుకుంటే భయమే.

అక్క ఇప్పుడు మా ఇంటికొస్తే, పక్క గదిలోంచి నేను పిలిచినా పలకదు. ముందు వచ్చి, నా నోరు కదులుతోందో లేదో చూస్తుంది.